బసవపున్నయ్య గారు చదివి వినిపించిన మాట

బసవపున్నయ్య గారిది పామర్రు పక్కన పల్లె. సేద్యం ఇల్లు. అన్నదమ్ములంతా మడిలో దిగి పని చేస్తుంటే ఈయనకు మాత్రం బురదలో దిగిన పూటే కాళ్ళు పాసి పుళ్ళు పడేవట. "వీడు పొలానికి పనికిరాడు, బడికి పంపండి" అన్నాడట వాళ్ళ నాన్న. అలా చదువుకుని బెజవాడ వచ్చి మేజిస్ట్రేటు కోర్టులో గుమాస్తా అయ్యారు. సాక్షులు చెప్పింది రాసుకోవడం ఆయన పని. చేరిన రోజు నుంచి మంచాన పడేదాకా అదే పని చేశారు. అంతకంటే పెద్ద కుర్చీ ఆయన చూడలేదు. కోరుకున్నట్టు కూడా నాకు తెలియదు.

వాళ్ళూ మేమూ ఒకే లోగిలిలో చెరొక వాటాలో ఉండేవాళ్ళం. మాది మంగళగిరి, మగ్గాల వాళ్ళం. మా వారు అక్కడి చీరలు తెచ్చి బెజవాడ కొట్లకు వేసేవారు. బసవపున్నయ్య గారి భార్య పద్మావతమ్మ గారు నాకు వదిన, ఆయన అన్నయ్య గారు. కులాలు వేరైనా పిలుపులకు అడ్డం రాలేదు.

ఆయన పని ఎలాంటిదో నాకు మొదట్లో తెలియదు. వదిన చెబితేనే తెలిసింది. కోర్టుకొచ్చిన మనిషి తన మాట ఒక్కటే చెప్పి ఊరుకోడు. వాడు ఇట్లా అన్నాడు, అది అట్లా తిట్టింది అని ఇంకో పదిమంది మాటలు మోసుకొస్తాడు. మేజిస్ట్రేటు గారు అరవాయన. అందుకని సాక్షి తెలుగులో చెప్పిందల్లా ఈయన ఇంగ్లీషు చేసి రాయాలి. ఎవరో అన్న మాటను సాక్షి తిరిగి చెప్పినప్పుడు మాత్రం దాన్ని ఇంగ్లీషు చెయ్యరు. తెలుగు అక్షరాల్లోనే, అన్నది అన్నట్టు రాసి, ముందు రెండు వంకర గీతలు, వెనక రెండు వంకర గీతలు పెడతారు. గీతల బయట ఉన్నది సాక్షి మాట, లోపల ఉన్నది పరాయి మాట. ఆ గీతలు పెట్టే ముందు ఆయన ప్రతి సాక్షినీ అడిగేవారట: "ఇది మీ మాటా, వారి మాటా?"

తర్వాత రాసిందంతా సాక్షికి చదివి వినిపించాలి. ఇంగ్లీషులో ఉన్నది తెలుగులో చెప్పుకుంటూ పోయి, గీతల దగ్గరికి రాగానే ఒక్క క్షణం ఆగేవారు. లోపలి మాట చదివి మళ్ళీ ఆగేవారు. "గీతలు కంటికి కనపడతాయి గానీ చెవికి వినపడవు గదమ్మా, అందుకని ఆగుతా" అని ఒకసారి నాతో అన్నారు.

లోపలి మాటలు ఎక్కువగా తిట్లే. చేపల రేవు తగాదాలు, కాలవ నీళ్ళ తగాదాలు, కల్లు దుకాణం తగాదాలు. ఎంతటి బూతునైనా ఆయన సహస్రనామం చదివినట్టు, గొంతు ఎత్తకుండా దించకుండా చదివేవారట. కోర్టు హాలంతా నవ్వినా ఈయన నవ్వేవారు కాదు.

"ఊళ్ళో బూతులన్నీ మీ అన్నయ్య నోట్లోంచి పోవాల్సిందే" అనేది వదిన. "ఇంట్లో మాత్రం పులుసులో ఉప్పు లేదనడానికి నోరు పెగలదు."

"నువ్వు అడిగితే చెప్తా గదా" అనేవారాయన.

"అడక్కపోతే ఉప్పు లేకుండా తింటారా?"

"తిన్నాను గదా."

ఆయనతో వచ్చిన చిక్కు ఇంకొకటి ఉంది. ఎవరేమన్నారని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేసేవారు. వదిన చెల్లెలు ఒకసారి వచ్చి తిని వెళ్ళింది. ఈయన ఆమెను రైలెక్కించి వస్తే, "మా చెల్లి ఏమంది?" అని వదిన అడిగింది. "'అక్క వంకాయ కూర మాడ్చింది, బావా, నువ్వెట్లా తింటున్నావో' అంది" అన్నారు. వదిన ఆ చెల్లెలితో రెండు పండగలు మాట్లాడలేదు. "కాస్త మార్చి చెప్తే మీ సొమ్మేం పోయింది?" అని దెప్పేది. ఆయన తల గోక్కునేవారు. మార్చడం ఎట్లాగో నిజంగానే తెలియని మనిషి.

నలభై అయిదో సంవత్సరం శ్రావణంలో మా వారు పోయారు.

పేరంటాల రోజులు. బెజవాడ కొట్లలో చీరలకు గిరాకీ. మంగళగిరిలో మూటలు కట్టేసరికి రైలు వెళ్ళిపోయింది. సీతానగరం వైపు నుంచి పడవ మీద దాటుదామన్నారు మా వారు. నేనూ వెంట ఉన్నాను. కృష్ణ నిండుగా పోతోంది, గాలి లేచింది. పడవ శౌరయ్యది. జనం ఎక్కేశాక మా మూటలు చూసి వాడు ఆగాడు.

"బాబుగారూ, బరువెక్కువైపోద్దండి. మూటలు దింపండి. మళ్ళీ విడతలో నేనే ఎత్తుకొచ్చి ఇత్తాను" అన్నాడు.

"వాన పడేట్టుంది. ఇక్కడ దింపితే సరుకంతా పాడైపోతుంది" అని మా వారు ఇంకో మాట కూడా అన్నారు. అందరూ అప్పటికే ముందు వైపు సర్దుకున్నారు. ఈ వైపున శౌరయ్య, నేను, మంగళగిరిలో మా వీధి పిల్ల రావమ్మ మాత్రమే ఉన్నాం. రావమ్మకు పెళ్ళై ఏడాది కాలేదు. అత్తారింటికి వెళుతోంది.

బెజవాడ ఒడ్డు కనపడుతుండగానే పడవ ఒరిగింది. నన్ను ఎవరో జుట్టు పట్టుకుని లాగారు. మా వారినీ రావమ్మనూ నది తీసుకుపోయింది. ఆ తర్వాత సంగతులు రాయలేను.

శౌరయ్యను పట్టుకుని కేసు పెట్టారు. బరువని తెలిసీ అజాగ్రత్తగా పడవ వదిలి ఇద్దరి ప్రాణాలు తీశాడని. శౌరయ్య మాత్రం ఒకటే చెబుతున్నాడు. "మూటలు దింపమన్నాను, బాబుగారే వినలేదు, తన మీద భారం వేసుకున్నారు" అని. ఆ మాట విన్న రావమ్మ లేదు. ఇక మిగిలింది నేను.

మా మరిది మల్లేశ్వరరావు మంగళగిరి నుంచి వచ్చాడు.

"వదినా, పడవవాడు ఏమన్నాడని అడిగితే చెప్పు. అన్నయ్య ఏమన్నాడని అడిగితే మాత్రం తెలియదని చెప్పు. అన్నయ్య మాట ఎత్తావంటే రావమ్మను అన్నయ్యే చంపాడని రేపు వీధి వీధంతా అంటుంది. చచ్చి కూడా వాడికి ఆ పేరెందుకు?"

అతనికి అన్నం వడ్డించి పంపాను.

అతను వెళ్ళిన రెండో పూట శౌరయ్య భార్య తెరేసమ్మ వచ్చి మెట్టు మీద కూర్చుంది. లోపలికి రమ్మన్నా రాలేదు.

"అమ్మగారూ, మా ఆయన్ని మంచివాడని చెప్పమని రాలేదండి. తాగుతాడు, నన్ను కొడతాడు కూడా. ఆ రోజు బాబుగారితో ఏమన్నాడో, బాబుగారు ఏమన్నారో అంతవరకే చెప్పండి. జైల్లో పడితే పడవ పోద్ది, నాకూ పిల్లలకూ దిక్కు లేదు."

బసవపున్నయ్య గారు కోర్టు నుంచి వచ్చాక పిట్టగోడ దగ్గర నిలబడి అడిగాను. "అన్నయ్య గారూ, నన్నేం చెయ్యమంటారు?"

ఆయన చాలాసేపు కాళ్ళు కడుక్కుంటూనే ఉన్నారు.

"అడిగితే చెప్పేవాణ్ణే నేను. ఇది మాత్రం అడక్కమ్మా. నువ్వు చెప్పేది రాయాల్సినవాణ్ణి నేను. ముందే నీ చెవిలో ఒక మాట వేసి, రేపు అదే మాట నీ నోట విని రాస్తే, అది ఎవరి మాటవుతుంది?"

వదిన లోపల్నుంచి, "ఆ పిల్ల మొహం చూసి కూడా మీకు జాలి లేదు" అంది. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ అక్కడే ఉండిపోయారు.

కోర్టు రోజున బోనులోకి ఎక్కాను. ఎదురుగా మల్లేశ్వరరావు. వెనక గోడ దగ్గర తెరేసమ్మ. బల్ల దగ్గర బసవపున్నయ్య గారు, నన్ను ఎన్నడూ ఎరగనట్టు. పేరు అడిగారు, రాసుకున్నారు. మూటలు దింపమని శౌరయ్య అన్న మాట చెప్పాను. గీతల మధ్య రాసుకున్నారు. అప్పుడు శౌరయ్య తరఫు ప్లీడరు లేచాడు.

"దానికి మీ ఆయన ఏమన్నారు?"

తెలియదని చెప్పడానికి నోరు తెరిచాను. మా వారి మాటే బయటికొచ్చింది. కానీ మా ఇళ్ళల్లో వచ్చే తీరునే వచ్చింది.

మా ఆడవాళ్ళకు ఒక అలవాటుంది. మగవాళ్ళు కోపంలోనో తొందరలోనో తమ మీద తాము చెడ్డ మాట అనుకుంటే దాన్ని మేం తిరిగి అనం. చెప్పక తప్పకపోతే ఆ చెడు పగవాళ్ళ మీదికి నెట్టి చెబుతాం. "నేను చచ్చాక తెలుస్తుంది నీకు" అని మా మామగారు అరిస్తే, మా అత్తగారు ఇరుగుపొరుగుతో "పగవాళ్ళు చచ్చాక తెలుస్తుంది అన్నారమ్మా" అని చెప్పేది. వినేవాళ్ళకు అర్థమయ్యేది. కోర్టుకు ఎలా అర్థమవుతుంది?

"మునిగితే పగవాళ్ళే మునుగుతార్లే, పోనియ్, అన్నారండి" అన్నాను.

బసవపున్నయ్య గారి కలం ఆగింది.

"ఇది మీ మాటా, వారి మాటా?" అని అడిగారు. అందరినీ అడిగినట్టే అడిగారు.

"వారి మాటేనండి."

రాసుకున్నారు.

సర్కారు ప్లీడరు మొహం విప్పారింది. "అంటే ఏమీ కాదని మీ ఆయన ధీమాగా ఉన్నారన్నమాట. పడవవాడు గట్టిగా భయం చెప్పి ఉంటే అంత ధీమా ఉండేదా?" అని మేజిస్ట్రేటు గారి వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. శౌరయ్య తరఫు ప్లీడరు కూర్చున్నాడు. మల్లేశ్వరరావు ఊపిరి వదలడం బోనులోకి వినపడింది. శౌరయ్య తల వంచుకున్నాడు. వాడికి తెలుసు అది మా వారి మాట కాదని. వాడు చెబితే వినేదెవరు?

బసవపున్నయ్య గారు లేచి కాగితాలు పట్టుకుని చదవడం మొదలుపెట్టారు. నా పేరు, మా ఊరు, పడవ, గాలి. శౌరయ్య మాట. తర్వాత, "దానికి నా భర్త ఇలా అన్నాడు" అని ఆగారు.

మా వారు పోయినప్పటి నుంచి ఆయన గొంతు నాకు జ్ఞాపకం రావడం మానేసింది. మొహం వచ్చేది, నడక వచ్చేది, గొంతు వచ్చేది కాదు. నీళ్ళ చప్పుడు దాని మీద కప్పేసింది. అన్నయ్య గారు ఆగిన ఆ క్షణంలో, ఇప్పుడు మా వారి మాట వింటాననుకున్నాను. చెవి రిక్కించాను.

"మునిగితే పగవాళ్ళే మునుగుతార్లే, పోనియ్."

ఆగారు.

అందులో మా వారు లేరు. ఆయన ఎప్పుడూ ఎవరినీ పగవాళ్ళనలేదు. కొట్లో సరుకు తిప్పి పంపినవాణ్ణి కూడా "వాడి కష్టం వాడిది" అనేవారు. ఆ కాగితంలో మాట్లాడుతున్నది ఎవరో నేను ఎరగని మనిషి. ఈ లోకంలో ఆయన మాట్లాడిన ఆఖరి మాటను నేనే చెరిపి, ఆ మనిషిని తెచ్చి కూర్చోబెట్టాను. అన్నయ్య గారు ఎప్పుడూ ఆగేదానికంటే కొంచెం ఎక్కువ ఆగారో, నాకే అలా అనిపించిందో.

"అది వారి మాట కాదండీ" అన్నాను.

సర్కారు ప్లీడరు చప్పున లేచాడు. మేజిస్ట్రేటు గారు చెయ్యెత్తి అతన్ని కూర్చోబెట్టి, తన అరవ తెలుగులో, "ఏమ్మా, ఇప్పుడుదా చెప్పినావు అదే మాటని" అన్నారు.

"పగవాళ్ళన్నది నేను పెట్టానండి. ఆ మాట నా నోట రాలేదు, అందుకని."

బసవపున్నయ్య గారు దాన్ని మేజిస్ట్రేటు గారికి ఇంగ్లీషులో చెప్పారు. కాస్త ఎక్కువసేపే చెప్పారు, మా ఇళ్ళల్లో అలవాటు కూడా చెప్పినట్టున్నారు. తర్వాత కలం సిరాలో ముంచి నా వైపు చూశారు.

"వారు ఎలా అన్నారో అలాగే చెప్పండమ్మా."

బోను కర్ర పట్టుకున్నాను. 'నేను' అనే ముక్క మా వారిదిగా నా నోట పలకాలి. పలికాను.

"మునిగితే నేనే మునుగుతాలే, పోనియ్."

ముందు రాసింది ఆయన కొట్టేయలేదు. కింద మళ్ళీ రాశారు, చదివి వినిపించినప్పుడు సాక్షి ఇలా సవరించిందని. సవరించాక దాన్నీ వినిపించాలట. మళ్ళీ లేచారు. ఆగారు. అదే గొంతు, ఎత్తకుండా దించకుండా. "మునిగితే నేనే మునుగుతాలే, పోనియ్." ఆగారు. ఈసారి వినపడింది. నవ్వుతూ, మూట మీద చెయ్యేసి, గాలికి ఉత్తరీయం సర్దుకుంటూ అన్న గొంతు. "సరిగా ఉందా అమ్మా?" అని అడిగారు. ఉందన్నాను. చేవ్రాలు చేశాను. అక్షరాలు ఎటు పోయాయో కనపడలేదు.

వసారాలో మల్లేశ్వరరావు నన్ను దాటుకుంటూ వెళ్ళాడు. "అన్నయ్యను ఏరు ఒకసారి ముంచింది. నువ్వు రెండోసారి ముంచావు వదినా" అన్నాడు. ఆ తర్వాత మంగళగిరి నుంచి నాకు పిలుపు లేదు. రావమ్మ తల్లి అక్కడి మా ఇంటి ముందు నుంచి నడవడం మానేసిందని, అటు సందులోంచి చుట్టు తిరిగి వెళుతోందని ఎవరో చెప్పారు. ఆమెను ఏమీ అనలేను. ఆమె బిడ్డ తిరిగి రాదు. ఎవరి వల్ల పోయిందో ఆమెకు ఇప్పుడు తెలుసు.

శౌరయ్యను వదిలేశారు. తెరేసమ్మ లంక దోసకాయలు కొంగున కట్టి తెచ్చింది. తీసుకోలేదు, వద్దనలేదు. అరుగు మీదే ఉండిపోయాయి. మర్నాడు వదిన తీసి పప్పులో వేసి నాకూ ఒక గిన్నె పంపింది.

బసవపున్నయ్య గారు ఆ రోజు సంగతి ఎన్నడూ ఎత్తలేదు. నేనే ఒకసారి అడిగాను. "అన్నయ్య గారూ, ఆ కాగితాలు ఏమయ్యాయి?"

"కట్టగట్టి రికార్డు గదిలో పడేశారమ్మా."

"ఎప్పటికీ ఉంటాయా?"

"ఉండవు. కొన్నేళ్ళు చూసి తగలబెడతారు." కాస్త ఆగి, "నకలు కావాలంటే అర్జీ పెట్టొచ్చు" అన్నారు.

వద్దన్నాను. ఆయన కూడా మళ్ళీ అనలేదు. అప్పుడప్పుడు పని మధ్యలో ఆ మాటను ఆయన చదివినట్టు లోపల చదువుకుంటాను. ముందు ఆగి, వెనక ఆగి.

నలభై తొమ్మిదో సంవత్సరం ఎండల్లో ఆయన మంచాన పడ్డారు. ఊపిరితిత్తుల జబ్బు. రికార్డు గదుల దుమ్మేనని డాక్టరు అన్నాడు. మాట్లాడితే దగ్గు, అందుకని ఇంకా తక్కువ మాట్లాడేవారు. "కోర్టులో అందరి మాటలూ వల్లించారు, మీ మాట ఒక్కటి చెప్పండి" అని వదిన నవ్వించబోయేది. నవ్వితే దగ్గొచ్చేది.

ఆ పొద్దున వదిన గంజి కాచడానికి లోపలికి వెళ్ళింది. నేను మంచం పక్కన కూర్చున్నాను. రోడ్డు మీద లారీ ఏదో పోయింది.

"కిటికీ వెయ్యమ్మా. కళ్ళల్లో దుమ్ము పడుతోంది" అన్నారు.

లేచాను. కిటికీ దాకా వెళ్ళకముందే ఏదో తేడాగా అనిపించి వెనక్కి చూశాను. అంతే. వదినను కేకేశాను.

మధ్యాహ్నానికి పామర్రు నుంచి ఆయన అన్నగారు రత్తయ్య గారు, బంధువులు వచ్చారు. ఏడుపులయ్యాక రత్తయ్య గారు కండువాతో కళ్ళు తుడుచుకుని అడిగారు. "ఆఖరున ఏమన్నాడు? కృష్ణా అనో రామా అనో అన్నాడా?"

ఎవరి ఇంట్లోనైనా అడిగేదే. అన్నాడని చెప్పడమూ ఉన్నదే. పోయినవాళ్ళకు ఒక మంచి, ఉన్నవాళ్ళకు ఒక ఊరట. అందరూ నా వైపు చూశారు. వదిన కూడా చూసింది. ఆ చూపులో ఏముందో నాకు తెలుసు. చిన్న మాట. ఇస్తే పోయేదేం లేదు. గొంతు దాకా వచ్చింది కూడా.

"కిటికీ వెయ్యమ్మా, కళ్ళల్లో దుమ్ము పడుతోంది, అన్నారండి" అన్నాను.

"అదేం మాటమ్మా" అన్నారు రత్తయ్య గారు. "పోయేటప్పుడు అనే మాటేనా అది?"

వదిన కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది.

"ఆయన మాటే" అంది చివరికి. "పొద్దున్నుంచీ అదే గోల. గంజి కాగాక వేస్తానన్నాను."

లేచి వెళ్ళి కిటికీ వేసింది.